డబ్బా మీద పెట్టిన చెయ్యి

నా కుడి అరచేతిని నమ్మినంతగా నేను ఏ మనిషినీ నమ్మలేదు. గొప్పకు చెప్పడం లేదు, ఉన్నమాట చెబుతున్నాను. తాండూరు మార్కెట్ యార్డులో రైతుల సరుకు కమీషన్ మీద అమ్మిపెట్టే ఒక అడ్తి దుకాణంలో ఇరవై ఏళ్లకు పైగా గుమస్తాగిరీ చేస్తున్నాను. కందుల సీజన్ వచ్చిందంటే దౌల్తాబాద్ దిక్కు నుంచి, యాలాల్ దిక్కు నుంచి బస్తాలు దిగుతూనే ఉంటాయి. మూతి విప్పి పిడికెడు తీసి చూస్తే అంతా గలగలలాడే సరుకే. కానీ కొందరు తడిసిన కందులను బస్తా నడుమ దాచి కుట్టుకొస్తారు. తడి సరుకు నడుమ కూర్చుని ఊరుకోదు, వేడెక్కుతుంది. తేమ చూసే మిషన్ దుకాణంలో ఉంది, అయినా నేను ముందు మోచేతిదాకా చెయ్యి దూర్చి చూస్తాను. వెచ్చగా తగిలిందా, అక్కడ అబద్ధం ఉన్నట్టే లెక్క.

తెచ్చినాయన ఒట్లు పెడతాడు. నేను వాదించను. చెయ్యి బస్తాలోనే ఉంచి అతని ముఖం చూస్తూ నిలబడతాను. కాసేపటికి అతనే దిగివస్తాడు. "నిజమే సారూ, మొన్న జర వాన పడ్డది" అంటాడు. మా సేటు నలుగురిలో నా చెయ్యి పట్టుకుని, "గీ చెయ్యి ముంగట మిషన్ ఎందుకు పనికొస్తదయ్యా" అనేవాడు. ఆ మాట విన్న రోజు ఇంటికొచ్చి అన్నం ఒక ముద్ద ఎక్కువ తినేవాణ్ణి.

ఈ చెయ్యి మా తాతదని మా అమ్మ చెప్పేది. తాత యాలాల్ దగ్గరి ఊళ్లో గొర్లు కాసేవాడు. మందలో దిగాలుగా నిలబడ్డ గొర్రె దగ్గరికి పోయి చెవి పట్టుకుని చూసి, దానికి జ్వరం ఉందో లేదో అక్కడికక్కడే చెప్పేవాడట. నేను గొర్లు కాయలేదు, చదువుకుని యార్డులో పడ్డాను.

ఇక డబ్బా సంగతి. మొన్నటి దసరాకు మా బామ్మర్ది మాకొక నల్లటి చిన్న డబ్బా తెచ్చి, పాత టీవీకి తగిలించిపోయాడు. అరచేతిలో పట్టేంత ఉంటుంది. ఇంటర్నెట్ ఉంటే చాలు, దాంతో సినిమాలైనా సీరియళ్లైనా ఎప్పుడంటే అప్పుడు చూడొచ్చు. నాకు ఆ "ఎప్పుడంటే అప్పుడు" అనే మాట దగ్గరే మనసు పీకింది. మా బిడ్డ ఇంటర్ రెండో సంవత్సరం, బైపీసీ. పశువుల డాక్టర్ అవుతానంటుంది. కాలేజీ రెండింటికి వదులుతారు. వాళ్లమ్మ అంగన్‌వాడీ టీచరు, అయిదు దాటితే గాని రాదు. నేను ఆరు దాటాక వస్తాను. అంటే రోజూ మూడు గంటలు ఆ పిల్లా, ఆ డబ్బా ఇద్దరే ఇంట్లో ఉంటారన్నమాట.

బామ్మర్ది పోయిన రోజే బిడ్డను పిలిచి అడిగాను. "పరీక్షలయ్యేదాంక దీని జోలికి పోవద్దు" అన్నాను.

"పోను నాన్నా."

"మాటేనా?"

"మాటే."

నవ్వుతూనే అంది. నేనూ నవ్వాను. ఆ తర్వాత రెండు నెలలు ఆ మాటను తూకం వేస్తూ కూర్చున్నాను.

మా ఇంటి టీవీ గోడగూట్లో ఉంటుంది. తాండూరు ఇల్లు కదా, గూడు అడుగున నాపబండ, పైన నాపబండ. చలికాలం ఆ బండ మీద చెయ్యి పెడితే జివ్వుమంటుంది. డిసెంబర్లో ఒక సాయంత్రం చెప్పులు విప్పి లోపలికొస్తూ, ఎందుకో ఏమో, టీవీ వెనక్కి చెయ్యి పోనిచ్చాను. బండ చల్లగా ఉంది. గోడ చల్లగా ఉంది. డబ్బా మాత్రం కాలుతోంది. ఆ వేడి నాకు తెలుసు, ఇరవై ఏళ్లుగా తెలుసు.

బిడ్డ లోపలి అర్రలో బల్ల ముందు కూర్చుని ఏదో బొమ్మ గీస్తోంది. కప్ప బొమ్మ.

"ఇయ్యాల టీవీ పెట్టినవా?"

"లేదు నాన్నా."

"డబ్బా కాలుతుంది మరి."

తలెత్తి చూసింది. "నాకేమెరుక? అది గట్లనే కాలుతదేమో."

ఎవరూ ముట్టకుండా వస్తువు వేడెక్కుతుందంటే నేను నమ్ముతానా? నిప్పు లేనిదే పొగ రాదు. కానీ యార్డు అలవాటు కొద్దీ వాదించలేదు. ఊరికే ఆమె ముఖం చూస్తూ గడప దగ్గర నిలబడ్డాను. ఆమె కాసేపు నన్ను చూసి, తల దించుకుని మళ్లీ కప్ప కాళ్లు గీసుకుంది. తల దించుకుందంటే తప్పు చేసినట్టేనని నాలో నేను అనుకున్నాను.

మర్నాడూ వేడే. ఆ మర్నాడూ వేడే. ఇంటికి రాగానే కాళ్లు కూడా కడుక్కోకుండా నేరుగా డబ్బా దగ్గరికి పోవడం అలవాటైంది. ఒకరోజు ఎక్కువ వేడి, ఒకరోజు కొంచెం తక్కువ. ఎక్కువ ఉన్ననాడు సినిమా చూసిందని, తక్కువ ఉన్ననాడు సీరియల్ చూసిందని లెక్క కట్టేవాణ్ణి. మా ఊరి గాలిలో బండల పాలిష్ దుమ్ము ఎప్పుడూ ఉంటుంది, ఏ వస్తువైనా నాలుగు రోజులకు తెల్లబడుతుంది. డబ్బా మీది దుమ్ములో వేలిముద్రలు వెతికాను. దొరికాయి. అవి నావేనని నా పెండ్లాం అంది. దాని మీద అంతగా చెయ్యి పెట్టేది ఇంట్లో నేనొక్కడినేనట.

చివరికి ఒక ఉపాయం తోచింది. దుకాణం నుంచి మందపాటి గోనె ముక్క తెచ్చి, డబ్బాకు సరిపడా చిన్న సంచి కుట్టాను. డబ్బాను అందులో పెట్టి, వైర్లు మూతిలోంచి బయటికి తీసి, దబ్బనంతో సుతిలి దారం ఎక్కించి మూతి కుట్టేశాను. బస్తాలకు వేసే ముడే వేశాను. అది నా ముడి, యార్డులో ఎవరికీ అలా పడదు. గోనెలో ఉంటే రిమోట్ ఎంత నొక్కినా అందదు. చూడాలంటే ముడి విప్పాలి, విప్పితే మళ్లీ నాలా వేయలేరు. రోజూ పొద్దున కుట్టి పోయేవాణ్ణి, సాయంత్రం వార్తల వేళకు విప్పేవాణ్ణి.

"గంత అనుమానముంటె ప్లగ్గు పీకి పారెయ్యరాదు?" అంది నా పెండ్లాం. "గీ కుట్టుడేంది, గీ విప్పుడేంది? నువ్వు దుకాణంల ఉన్నవా, ఇంట్ల ఉన్నవా?"

ఆమె అడిగిన దాంట్లో న్యాయం ఉంది. ప్లగ్గు పీకితే అయిపోయేది. కానీ నేను సిగ్గు విడిచి చెబుతున్నాను, బిడ్డ చూడకుండా ఆపాలని నాకు లేదు. ఆమెను పట్టుకోవాలని ఉంది. ప్లగ్గు పీకితే పట్టుకునేదేముంటుంది?

సంచి కుట్టిన మొదటి సాయంత్రం వచ్చి చూశాను. ముడి నేను వేసింది వేసినట్టే ఉంది. సంచి పైనుంచి చెయ్యి పెడితే డబ్బా అంతకు ముందుకంటే ఎక్కువ కాలుతోంది. ఇంకొకరైతే అక్కడ ఆగి ఆలోచించేవారు. నేనూ ఆలోచించాను. ఆలోచిస్తే గుర్తొచ్చిందేమిటంటే, ఆ ముడి ఈ లోకంలో నేను కాక ఇంకొక్కరికే వచ్చు. మా బిడ్డకు ఆరేడేళ్లప్పుడు ఒక ఆదివారం దుకాణానికి వెంట తీసుకుపోయి, ఒళ్లో కూర్చోబెట్టుకుని నేనే నేర్పాను. రెండోసారికే చక్కగా వేసింది. ఆ రోజు సేటును పిలిచి మరీ చూపించాను.

అంతే, ముడి చెదరకపోవడమే నాకు సాక్ష్యమైంది. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లన్న వాడికి నేనేం తీసిపోలేదు. సుతిలి రంగు మార్చాను. ముడి కింద వెంట్రుక పెట్టాను. ఏం చేసినా ముడి చెదరలేదు, డబ్బా చల్లబడలేదు. మధ్య మధ్య దానంతటదే ఆగిపోయి, వార్తల నడుమ బొమ్మ నిలిచిపోయేది. పగలంతా అరగదీస్తే ఆగిపోక ఏంచేస్తుందని సణిగేవాణ్ణి. బిడ్డ ఆ వేళకు టీవీ గదిలోకి రావడమే మానేసింది.

సంక్రాంతి పోయిన వారం నా పెండ్లాం రెండు రోజుల కోసం దోమ అనే ఊరికి, పుట్టింటికి పోయింది. ఆ సాయంత్రం నేను వచ్చేసరికి బిడ్డ ముందు గదిలోనే మంచం మీద చద్దర్ కప్పుకుని పడుకుని ఉంది. పుస్తకం పక్కన బోర్లా పడి ఉంది. నేను మంచం పక్కనుంచే టీవీ దగ్గరికి పోయి సంచి మీద చెయ్యి పెట్టాను. చెయ్యి అక్కడ ఉంచలేకపోయాను, అంత వేడి. వెనక్కి తిరిగితే ఆమె లేచి కూర్చుంది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. పగలంతా టీవీకి అంటుకుపోయిన కళ్లు ఇలాగే ఉంటాయని అనుకున్నాను.

"ఎంతసేపు చూసినవ్?"

"చూడలే నాన్నా. తల నొస్తుంది."

"నొయ్యదా మరి? ఎంతసేపు చూసినవో చెప్పు."

"చూడలే అంటున్న గద."

నేను స్టూలు లాక్కుని మంచం ముందు కూర్చున్నాను. అరవలేదు. అరిచే మనిషిని కాను. అడిగిందే అడిగాను. ఎన్నింటికి పెట్టినవ్, ముడి ఎట్ల విప్పినవ్, ఎన్ని దినాల సంది నడుస్తుంది. ఆమె గోడకు ఆనుకుని కళ్లు మూసుకుంది. నేను మళ్లీ మొదటి నుంచి అడిగాను. చివరికి కళ్లు తెరవకుండానే అంది:

"ఆఁ, చూసిన. రోజు చూసిన. మస్తు చూసిన. ఇగ ఇడిసిపెట్టు నాన్నా."

నాకు కోపం రాలేదు. నిజం చెప్పాలంటే హాయిగా అనిపించింది. యార్డులో తడి సరుకు ఒప్పుకున్నప్పుడు కలిగే హాయే అది. నా చెయ్యి తప్పలేదు. ఆమెను పడుకోమని చెప్పి, పోయి స్నానం చేశాను.

నా పెండ్లాం దోమ నుంచి వచ్చేసరికి నేను అన్నీ నిర్ణయించేశాను. బిడ్డ చదివే కాలేజీకి వికారాబాద్‌లో హాస్టలున్న ఇంకో శాఖ ఉంది. పరీక్షలదాకా అక్కడ ఉంచుదామన్నాను. "పిల్ల అబద్ధమాడే రకం కాదు" అంది ఆమె. "తన నోటితోనే ఒప్పుకున్నది, అడుగు" అన్నాను. అడిగింది. బిడ్డ ఔననలేదు, కాదనలేదు. "హాస్టల్కు పోత అమ్మా" అంది. ఆ పిల్ల అంత తొందరగా ఒప్పుకోవడం కూడా నాకు అనుమానంగానే తోచింది.

ఒక సోమవారం పొద్దున ముగ్గురం రైల్లో పోయాం. పోయేముందు అలవాటు చొప్పున సంచి కుట్టి, ఇంటికి తాళం వేసి తాళంచెవి నా జేబులో వేసుకున్నాను. హాస్టల్లో బిడ్డను దింపి, పరుపు, బకెట్ కొనిచ్చి, సాయంత్రం బండికి తిరిగి తాండూరు వచ్చాం. తాళం తీశాను. నా పెండ్లాం నేరుగా వంటింట్లోకి పోయింది. నేను చెప్పులు విప్పి టీవీ వెనక్కి చెయ్యి పెట్టాను. ఎందుకు పెట్టానో నాకే తెలియదు, కాళ్లు అటే పోయాయి.

డబ్బా కాలుతోంది.

తాళం నా జేబులో ఉంది. ముడి నాది. ముడి తెలిసిన ఇంకో మనిషిని నా చేతులతోనే వికారాబాద్‌లో వదిలేసి వచ్చాను. ఇది రాస్తుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది గాని, అప్పుడు కూడా నేను వెంటనే నమ్మలేదు. వెనక తలుపు గడియ చూశాను. దండెం మీది బట్టలు కదిలాయా అని చూశాను. పొరుగింటామె మీద కూడా ఒక నిమిషం మనసు పోయింది. అంతా తిరిగి వచ్చి మళ్లీ చెయ్యి పెట్టాను. వంటింటి గడపలో నా పెండ్లాం నిలబడి ఉంది.

"ఇయ్యాల ఎవలు చూసిండ్రు?" అంది.

సంచి మీంచి చెయ్యి తీసేశాను.

తరువాతి ఆదివారం హాస్టల్లో తల్లిదండ్రులను రానిచ్చే రోజు. నేనొక్కడినే పోయాను. డబ్బాను సంచితో సహా వెంట తీసుకుపోయాను. తాండూరు మెకానిక్కులందరూ నాకు తెలిసినవాళ్లే, ఎవరి మీదా నమ్మకం లేదు. వికారాబాద్ స్టేషన్ దగ్గరి గల్లీలో ఒక పెద్దాయన దుకాణం ఉంది, గడ్డం నెరిసిన మనిషి. ఇతను మాత్రం లోపలి సామాను మార్చడని ఏముందని, రైల్లోనే దబ్బనంతో డబ్బా అడుగున ఒక గీత గీసి పెట్టుకున్నాను. పుట్టిన బుద్ధి అంత తొందరగా పోతుందా?

ఆయన సంచిని అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఇదేంది సాబ్, పీనుగకు కుట్టినట్టు దీనికి కఫన్ కుట్టిండ్రు? ఎవరిదీ పని?"

"నాదే. దుమ్ము పడకుంటా" అన్నాను.

మా ఇంట్లో ఆ డబ్బా గురించి అబద్ధమాడింది నేనేనని ఆ క్షణంలో తోచలేదు.

ఆయన కత్తెరతో ముడి కోసి, డబ్బా విప్పాడు. నేను కౌంటర్ మీదికి వంగి ఆయన వేళ్లనే చూస్తూ ఉన్నాను. లోపల తెల్లటి పొడి పేరుకుపోయి ఉంది, మా ఊరి బండల పొడే. గాలి పోయే సందులన్నీ మూసుకుపోయాయి. చిప్పు మీద ఉండాల్సిన మెత్తటి పూత ఎండి పెచ్చులుగా ఊడుతోంది. బ్రష్షుతో దులిపి, పాత పూత గీకేసి కొత్తది రాశాడు. వేడిని లాగేయడానికట, పైన దువ్వెన పళ్లలా నిలబడిన చిన్న అల్యూమినియం ముక్క అతికించాడు.

"ఎవరు చూడకున్న వేడెక్కుతదా?" అని అడిగాను.

"ఎక్కదా మరి? రిమోట్ నొక్కితే టీవీ బంద్ అయితది సాబ్, ఇది బంద్ కాదు. దినమంతా నడుస్తనే ఉంటది. పైకెల్లి దుమ్ము, ఆ పైన మీ గోనె. కాలక ఏంచేస్తది? బోర్డు కాడ స్విచ్ తియ్యాలె. గూట్ల పెట్టకుండ్రి, జర గాలి తగలనియ్యిండ్రి."

సరిగ్గా నడుస్తోందో లేదో చూడాలని తన టీవీకి తగిలించాడు. తెర మీద వరుసగా బొమ్మలు వచ్చాయి. ఇప్పటిదాకా మీ ఇంట్లో చూసినవన్నీ ఇవేనన్నాడు. నా పెండ్లాం చూసే వంటలు, మేమిద్దరం చూసే వార్తలు, నేను సగంలో నిద్రపోయిన రెండు పాత సినిమాలు. దసరా నుంచి మొన్నటిదాకా అంతే ఉన్నాయి. మా బిడ్డ వయసు పిల్ల చూసేది ఒక్కటీ లేదు.

"చూసినోళ్లు గీ లిస్టు చెరిపెయ్యొచ్చా?" అన్నాను. అప్పుడు కూడా అలా అడిగిన నోరు నాదే.

ఆయన నన్ను ఒకసారి పైనుంచి కిందికి చూశాడు. "చెరిపేస్తే మీవి గూడ పోతయి గద సాబ్" అన్నాడు.

హాస్టల్ ముందు సిమెంటు బెంచీ ఉంది. బిడ్డ వచ్చి పక్కన కూర్చుంది. కొంచెం చిక్కింది. నేను తెచ్చిన సకినాల డబ్బా ఒళ్లో పెట్టుకుంది. ఎలా మొదలుపెట్టాలో తెలియక మెకానిక్ చెప్పిందంతా వరుసగా చెప్పాను. దుమ్ము, పూత, స్విచ్, తెర మీది బొమ్మలు. ఆమె శ్రద్ధగా విన్నది.

"మరి ఇప్పుడు సల్లగుందా?"

"సల్లగుంది. తప్పైపోయింది బిడ్డా. నీ మాట నమ్మలే నేను. సామాను సదురుకో, ఇంటికి పోదాం పా."

"ఒద్దు నాన్నా. పరీక్షలైనంక వస్త." కోపంగా చెప్పలేదు. అదే నాకు మరీ కష్టమైంది. "ఈడ నేను చదువుతున్ననా లేదా అని ఎవ్వరు పట్టి చూస్తలేరు. మంచిగుంది."

లోపల గంట కొట్టారు. ఆమె లేచింది. ఒక్క మాట అడగకుండా ఉండలేకపోయాను.

"చూడకుంటనే చూసిన అని ఎందుకన్నవ్ బిడ్డా?"

"గా దినం నాకు జరమొచ్చింది నాన్నా. మస్తు జరం. నువ్వు వస్తే చెప్దామని ముందటర్రలనే పండుకున్న. నువ్వు వచ్చినవ్, నా పక్కకెల్లే పోయి డబ్బా మీద చెయ్యి పెట్టినవ్. ఇగ చూసిన అంటే ఇడిసిపెడ్తవని అన్న."

నేను లేచి నిలబడి ఆమె నుదుటి మీద చెయ్యి పెట్టాను. ఆమె తల పక్కకు తిప్పలేదు. చెయ్యి తీసేదాకా అలాగే నిలబడింది.

"ఇప్పుడేం లేదు నాన్నా" అంది. "గప్పుడుండె."

సకినాల డబ్బా పట్టుకుని లోపలికి పోయింది.